ఏ చేత్తో తింటావు?

చెన్నై
17 అక్టోబరు 1999

నసీమా,

నలభై నాలుగేళ్ళ వయసులో మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాను, నవ్వుకో. మొదటి రోజు నా పక్క కుర్చీలో ఉన్న మదురై డాక్టరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పాఠం చెప్పడానికి వచ్చాననుకున్నాడట. నేనూ విద్యార్థినేనని చెప్పాక సిగ్గుపడి నాకో మైసూరుపాకు ముక్క ఇచ్చాడు.

బయలుదేరే హడావుడిలో నేను ఇక్కడికి ఎందుకు వచ్చానో నీకు సరిగా చెప్పలేదు. కొందరికి గుండె బాగా నెమ్మదించిపోతుంది. ఉన్నట్టుండి పడిపోతారు. వాళ్ళకు భుజం ముందు, మెడ ఎముక కింద, చర్మం లోపల ఒక చిన్న యంత్రం పెడతారు. దాన్ని పేస్‌మేకర్ అంటారు. దాని నుంచి సన్నని తీగ ఒకటి రక్తనాళం గుండా గుండెలోకి వెళుతుంది. గుండె కొట్టుకోవడం మరిచిపోతే ఇది తట్టి గుర్తుచేస్తుంది. గుంటూరులో నా దగ్గరికి అలాంటివాళ్ళు వస్తే ఇన్నేళ్ళూ హైదరాబాదుకో మద్రాసుకో చీటీ రాసి పంపేదాన్ని. కొందరు రైల్లోనే పోయారు. ఇక ఆ పని మా ఆసుపత్రిలోనే చేయాలని నన్ను ఆరునెలల శిక్షణకు పంపారు. యంత్రం ఎవరికి రాయాలి, ఎలా అమర్చాలి, అమర్చాక ఏళ్ళ తరబడి ఎలా కనిపెట్టి ఉండాలి, ఈ మూడూ నేర్చుకోవాలి.

మా గురువుగారు డాక్టర్ శ్యామ్ సుందర్. ఒంగోలు మనిషి. ఎన్నేళ్ళు మద్రాసులో ఉన్నా మాట మాత్రం అక్కడిదే. మొదటి పాఠం ఇలా మొదలుపెట్టారు.

"ఇది పెట్టడం ఎప్పుడు నేర్పిస్తారా అని తొందరపడమాకండి. ముందు ఎవరికి పెట్టకూడదో నేర్చుకోండి. కళ్ళు తిరిగిన ప్రతివాడికీ పెట్టేస్తే మీరు డాక్టర్లు కాదు, తాపీ మేస్త్రీలు."

తర్వాత మా అందరికీ తలా ఒక పాత పేస్‌మేకర్ ఇచ్చారు. బ్యాటరీ అయిపోయి రోగుల ఒంట్లోంచి తీసేసినవి. వాటిని కొన్నాళ్ళు ఒంటిమీదే ఉంచుకుని తిరగాలట. మగవాళ్ళు చొక్కా జేబులో వేసుకున్నారు. నాకు జేబెక్కడిది? రుమాల్లో చుట్టి జాకెట్టు లోపల పిన్నీసు పెట్టుకున్నాను. పక్కకు తిరిగి పడుకుంటే ఒత్తుకుంటుంది. బస్సులో ఎవరైనా తగిలితే చెయ్యి దానంతటదే అడ్డం పోతుంది.

చూడ్డానికి ఇదేమీ గొప్పగా ఉండదు నసీమా. అరిచేతిలో ఇమిడే నున్నని రేకు బిళ్ళ. కానీ ఇది ఎవరి ఒంట్లోనో ఏడేళ్ళు ఉందట. ఆ మనిషి అన్నం తింటున్నా, ఎవరితోనో పోట్లాడుతున్నా, గుర్రుపెట్టి నిద్రపోతున్నా, ఆ ఏడేళ్ళలో ఒక్క దెబ్బ కూడా తప్పకుండా కొట్టింది. దాన్ని చేతిలో పట్టుకున్నప్పుడు మా నాన్న చర్చిలో మోకాళ్ళ మీదికి దిగేముందు చెప్పులు విడిచే తీరు గుర్తొచ్చింది. నాకూ చెప్పులు విడవాలనిపించింది.

మీ అత్త ఖాదర్‌బీ ఎలా ఉంది? మీ ఆయన మాలిక్ అన్నను అడిగానని చెప్పు.

నీ శాంతి


పర్చూరు
24 జనవరి 2000

శాంతీ,

నీ ఉత్తరాలన్నీ అందాయి. జవాబు రాయకపోవడం నా తప్పే. పత్తి తీతలు అయ్యేసరికి మిరప కోతలు వచ్చిపడ్డాయి. మా ఆయనకు పరుపుల దుకాణంలో ఊపిరాడట్లేదు. కానీ ఇవాళ రాయడానికి కారణం వేరే ఉంది. వరసగా చెబుతాను, వైద్యురాలిగా చదువు.

అత్త పడిపోతోంది. మొదటిసారి దొడ్లో నీళ్ళు తోడుతూ పడింది. కాలు జారిందని మేమూ అనుకున్నాం, తనూ అదే చెప్పింది. రెండోసారి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయింది. కూర్చున్న మనిషికి కాలు జారదు కదా. ముందు మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. తర్వాత ఎర్రగా కంది, కళ్ళు తెరిచి, "నా చాట ఎవరు తీశారే?" అని అడిగింది. మధ్యలో తనకు తెలివి తప్పిందన్న సంగతే తెలియదు తనకి.

మందుల వెంకటరావమ్మ కొడుకు వచ్చి నీరసమని బలానికి సూది వేశాడు. అత్త దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొచ్చింది. మళ్ళీ పడింది.

అప్పుడు నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అత్త మణికట్టు పట్టుకుని గోడ గడియారం ఎదురుగా కూర్చున్నాను. సెకన్ల ముల్లు రెండడుగులు వేస్తే గాని నాడి ఒక్కసారి కొట్టడం లేదు. నా వేళ్ళే మొద్దుబారాయేమోనని నా నాడి చూసుకున్నాను, మా ఆయనది చూశాను. మావి బాగానే కొడుతున్నాయి. మళ్ళీ అత్తది పట్టుకున్నాను. ఒకటి కొట్టాక రెండోదాని కోసం ఎదురుచూస్తుంటే భయమేసింది శాంతీ. ఊరికి ఒకటే బస్సు ఉంటే, అది వస్తుందో రాదో తెలియక రోడ్డు మీద నిలబడ్డట్టు ఉంది.

ఏం చేయమంటావు?

నసీమున్నీసా


చెన్నై
27 జనవరి 2000

నసీమా,

ఈ ఉత్తరం అందిన రోజే అత్తను తీసుకుని గుంటూరు వెళ్ళు. మా ఆసుపత్రిలో చేర్పించు. అక్కడివాళ్ళతో మాట్లాడాను. ఈసీజీ తీసి నాకు ఫ్యాక్స్ పంపుతారు. దారిలో ఎక్కడా నడిపించొద్దు. ఇక సూదులు వేయించొద్దు.

సంగతి నీకు అర్థమయ్యేలా చెబుతాను. గుండెలో పైగదులు, కిందిగదులు ఉంటాయి. పైన పుట్టిన కబురు కిందికి అందితేనే కిందిగది ఒంటికంతా రక్తం తోస్తుంది. మధ్యలో దారి తెగితే, పై కాలువ నిండా నీళ్ళున్నా కింది మడికి చుక్క అందనట్టే. కిందిగది తనకు తోచినప్పుడు ఒక దెబ్బ వేస్తూ బతుకుతుంది. నువ్వు పట్టుకుని చూసింది దాన్నే. అది ఏ రోజైనా ఆగిపోవచ్చు. నిన్ను భయపెట్టాలని కాదు, ఆలస్యం చేస్తావేమోనని రాస్తున్నాను.

ఇక్కడికి తీసుకొస్తే శ్యామ్ సుందర్ గారు స్వయంగా చేస్తారు. ఆయన చెయ్యి పడితే నాకు దిగులుండదు.

శాంతి


గుంటూరు, ఆసుపత్రి
31 జనవరి 2000

శాంతీ,

నీ ఆసుపత్రి రెండో అంతస్తు వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. అత్తకు తొడ దగ్గర నుంచి తాత్కాలికంగా ఒక తీగ వేశారు. మంచం పక్కన పెట్టె ఒకటి పెట్టారు. దాని మీద ఎర్రదీపం మిణుకుతుంటే అత్త నాడి కూడా దానితో కలిసి మిణుకుతోంది. అత్త మొహంలోకి రంగొచ్చింది. రంగుతోపాటు నోరూ తిరిగొచ్చింది.

చెన్నై సంగతి చెప్పాను. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"నాకు అరవం రాదు. ఆడ నేను చస్తే ఏ భాషలో ఏడుస్తారే నా కోసం? ఈడే చెయ్యమను. ఆ జక్రయ్య మాస్టారి పిల్ల ఇందుకే గదా చదవబోయింది?"

"అది ఇంకా నేర్చుకుంటోంది అత్తా. ఒంటరిగా ఇంతవరకు ఎవరికీ చేయలేదు."

"ఎవరో ఒకళ్ళకి మొదట చెయ్యాలి గదా. నేను మీ మామకి వండిన మొదటి కూర ఎట్లుందో తెలుసా? తిన్నాడు. బతికాడు."

మా ఆయన మొహం నువ్వు చూడాల్సింది. ఏడవాలో నవ్వాలో తెలియక గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నీ మీద నాకు నమ్మకముంది. కానీ ఇది నమ్మకంతో తేల్చే పని కాదని నీకే ఎక్కువ తెలుసు. మీ గురువుగారిని అడిగి నిజం చెప్పు.

నసీమా


చెన్నై
16 ఫిబ్రవరి 2000

నసీమా,

శిక్షణలో మూడో భాగం, అంటే అమర్చినవాళ్ళను కనిపెట్టి ఉండటం, నేర్చుకోవడానికి మళ్ళీ ఇక్కడికి వచ్చేశాను. గుంటూరులో నీతో తీరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు చెబుతాను.

ఈసీజీ చూసి శ్యామ్ సుందర్ గారు, "దీనికి రెండో ఆలోచన లేదు, పెట్టాల్సిందే. నువ్వే పెడుతున్నావు. నేనొచ్చి పక్కన నిలబడతా," అన్నారు. అన్నట్టే వచ్చారు. శిక్షణ కోసం వచ్చిన యంత్రాల్లో ఒకటి తెచ్చారు. థియేటర్లో చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నారు. ఆ చేతులు చివరిదాకా విప్పలేదు. నేను ఇబ్బందిపడ్డచోట కూడా దగ్గి ఊరుకున్నారు.

ఏ వైపు పెట్టాలనేది మొదటి ప్రశ్న. ఎక్కువ పనిచేసే చేతి వైపు పెట్టకూడదు. పాఠ్యపుస్తకాల్లో "ఏ చేత్తో రాస్తారు?" అని అడగమని ఉంటుంది. శ్యామ్ సుందర్ గారు మాకు వేరే ప్రశ్న నేర్పారు. "మన రోగుల్లో సగంమంది రాయరు. ఏ చేత్తో తింటావని అడగండి," అంటారు. మీ అత్తను అదే అడిగాను. "కుడిచేత్తోనమ్మా, ఇదేం ప్రశ్న?" అంది. అందుకని ఎడమవైపు పెట్టాను.

పెట్టేచోట మాత్రమే మత్తిస్తాం. మనిషి మేలుకునే ఉంటుంది. మీ అత్త మా ఇంటి సంగతులన్నీ అడిగింది. నా వేళ్ళు ఆమె భుజం దగ్గర, నా కళ్ళు ఎక్స్‌రే తెర మీద. తెర మీద గుండె నీడ కదులుతోంది. అందులోకి నా తీగ నల్లని వెంట్రుకలా దిగింది. ఎప్పుడో తల్లి కడుపులో రూపు కట్టి, అరవై ఆరేళ్ళుగా ఒక్క మనిషీ ముట్టుకోని చోటును నేను ముట్టుకున్నాను నసీమా. తీగ కొస గుండె గోడకు ఆనింది. యంత్రాన్ని కలిపాను. అంతవరకూ ఎండిన చేలో అక్కడొకటి అక్కడొకటి లేచిన మొలకల్లా ఉన్న ఈసీజీ గీతలు, ఒక్కసారిగా సాలు తప్పని పైరులా నిలబడ్డాయి.

ఆ క్షణానే మీ అత్త, "ఒళ్ళంతా వెచ్చబడిందే పిల్లా, పొయ్యి దగ్గరకి జరిపావా నన్ను?" అంది.

శ్యామ్ సుందర్ గారు, "అవును పెద్దమ్మా, కొంచెం జరిపింది," అన్నారు.

ఆరువారాలపాటు ఎడమచేయి భుజం కంటే పైకి ఎత్తకూడదు. తీగ కొస గుండెలో కుదురుకునేదాకా జాగ్రత్త. రోజూ నాడి చూడు. చిన్నదైనా పెద్దదైనా ఏం జరిగినా రాయి.

నీ శాంతి


పర్చూరు
14 మార్చి 2000

శాంతీ,

అత్త బాగుంది. గాయం మాని గీతలా సన్నబడింది. ఆడవాళ్ళంతా వచ్చి చూసిపోతున్నారు. పక్కింటి రహిమున్నీసా చెవి ఆనించి వింటానంది. అత్త, "వినబడాలంటే టిక్కెట్టు కొనాలి," అని చీర సర్దుకుంది.

మిరపకాయలు ఎండాయి. కొట్టాం నిండా ఎరుపే. కళ్ళు మూసుకున్నా ఎరుపే కనిపిస్తోంది. అత్తను ఏ పనీ ముట్టుకోనివ్వడం లేదు. ఊరికే కూర్చోలేనంటే తొడిమలు తీయడానికి ఒప్పుకున్నాను. ఒళ్ళో చేతులు పెట్టుకుని చేసే పనే కదా. చెయ్యి పైకి ఎత్తదు, నేను చూస్తూనే ఉన్నాను.

ఒక తమాషా చెప్పాలి. నాలుగు రోజులుగా అత్తకు ఎక్కిళ్ళు. ఒకటి మొదలైతే వరసగా, లెక్కపెట్టినట్టు, ఒకే తీరులో వస్తాయి. నీళ్ళు తాగినా, చక్కెర నోట్లో వేసుకున్నా ఆగవు. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఆగుతాయి. "డాక్టరమ్మ తలుచుకుంటోందే నన్ను, ఇంత తలపేంటో!" అంటుంది. ఇంత విడవకుండా తలుచుకుంటే నీ చదువు సాగినట్టే, అని నేనూ నవ్వాను. కాస్త తక్కువగా తలుచుకోవమ్మా తల్లీ.

మిగతా అంతా బాగానే ఉంది.

నసీమా


(టెలిగ్రాం)
చెన్నై, 17 మార్చి 2000

ఎక్కిళ్ళు తలపు కాదు. తీగ జారింది. వెంటనే గుంటూరు. బయలుదేరుతున్నాను. శాంతి.


గుంటూరు, ఆసుపత్రి
18 మార్చి 2000

శాంతీ,

నువ్వు రేపు ఉదయం దిగుతావట. ఈ ఉత్తరం వార్డులో నర్సు సంతోషకుమారి చేతికిస్తున్నాను, నువ్వు రాగానే ఇవ్వమని. మొహం చూస్తూ నేను చెప్పలేను.

ఎక్స్‌రే తీశారు. తీగ కొస ఉండాల్సిన చోట లేదట. గుండె గోడను వదిలి కిందికి జారిందట. యంత్రం పాపం కొట్టేది కొడుతూనే ఉంది, కానీ ఆ దెబ్బ గుండెకు తగలకుండా ఊపిరితిత్తుల కింది పొరకు తగులుతోందట. అవే ఎక్కిళ్ళు. మేం ఇన్ని రోజులుగా నవ్వుకున్నది దాన్ని చూసి. మళ్ళీ తొడ దగ్గర తాత్కాలిక తీగ వేశారు. పెట్టె, ఎర్రదీపం మళ్ళీ వచ్చాయి. ప్రాణం నిలబడింది.

ఇప్పుడు అసలు సంగతి. నేను నీకు ఆ ఉత్తరం రాసే ముందురోజే అత్త మళ్ళీ తూలింది. కొట్టాంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, పిలిస్తే పలకలేదు. మొహం మళ్ళీ సున్నమైంది. తేరుకున్నాక నీకు రాయడానికి కాగితం తీస్తే నా చెయ్యి పట్టుకుంది.

"రాయమాకే నసీమా. మాస్టారి పిల్ల మొట్టమొదట చేసింది నాకే. అది పాడయిందని తెలిస్తే దాన్ని ఇంకెవరి గుండె దగ్గరికీ రానీయరు. నాదేముంది, చూడాల్సినవన్నీ చూశా. ఈ చుట్టుపక్కల ఇంకా ఎంతమంది పడిపోతా ఉన్నారో."

అందుకని బాగానే ఉందని రాశాను. నాడి చూడమన్నావు, చూశాను. ఒక్కోసారి సరిగా ఉంది, ఒక్కోసారి లేదు. అదీ రాయలేదు. ఎక్కిళ్ళు మాత్రం జబ్బని తెలియక రాశాను. తెలిసుంటే అవీ రాసేదాన్ని కాదేమో. నీ పేరు కాపాడబోయి అత్తను చంపుకునేదాన్ని.

ఇక్కడి పెద్ద డాక్టరు ఈసారి శ్యామ్ సుందర్ గారి చేత చేయిద్దామంటున్నారు. మా ఆయనదీ అదే మాట. అత్త వినడం లేదు. "కుట్టు ఊడితే కుట్టినోళ్ళే మళ్ళీ కుట్టాలి. మన దుకాణంలో కొన్న పరుపు చినిగితే వేరే దుకాణానికి పొమ్మంటావా?" అని కొడుకునే అడుగుతోంది. తేల్చుకోవాల్సింది నువ్వు. నా వల్ల నీ మీద బరువు పడిందని మాత్రం తెలుసు.

నసీమా


చెన్నై
30 మార్చి 2000

నసీమా,

నీ ఉత్తరం సంతోషకుమారి ఇచ్చింది. మెట్ల మీద నిలబడి చదివాను. నీ మీద కోపం రాలేదా అంటే వచ్చింది. పై మెట్టు ఎక్కేలోగా పోయింది. నేనైనా నీ స్థానంలో అదే చేసేదాన్ని. ఇంకెప్పుడూ చేయకు. నా పేరు పోతే మళ్ళీ తెచ్చుకుంటాను.

నిజం చెప్పాలంటే ఆ ఉదయం నేను వెనక్కి తగ్గాలనే వచ్చాను. రైల్లో నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాను. తీగను నేనే సరిగా ఆనించలేదనుకున్నాను. శ్యామ్ సుందర్ గారు చేయాలి, నేను గోడకు ఆనుకోవాలి అని నిర్ణయించుకున్నాను.

నువ్వు మందుల షాపుకు వెళ్ళినప్పుడు ఒకటి జరిగింది. నీకు చెప్పలేదు, నాకే తల తిరిగిపోయి. మాలిక్ అన్న మంచం పక్కన కూర్చుని, "అమ్మా, మొండితనం చెయ్యమాక, పెద్దాయన చేతే చేయిద్దాం," అని నచ్చజెబుతున్నాడు. మీ అత్త ఉన్నట్టుండి అతని చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ వయసు కొడుకుని! ఎడమచేత్తో. ఛెళ్ళుమనేలా.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. "అత్తా, నీది ఎడమచేతి వాటమా?"

"అవునమ్మా. ఊరందరికీ తెలుసు. నీకు తెలీదా?"

"మరి కుడిచేత్తో తింటానన్నావు?"

"తినేది ఎవరైనా కుడిచేత్తోనే తింటారు! ఎడమచేత్తో ముద్ద ఎత్తితే మా అమ్మ వాత పెట్టింది, చూడు. నువ్వు తినే చెయ్యి అడిగావు. చేసే చెయ్యి అడగలా."

అడగలేదు. నిజమే, నేను అడగలేదు.

"అయినా నేను చెయ్యి ఎత్తొద్దని చెప్పానుగా?"

"ఎత్తలా. ఒట్టు." గొంతు తగ్గించింది. "నసీమా నూర్పిడికి పోయినప్పుడు కొత్త కారం కాస్త దంచా. కానీ నేనెత్తింది రోకలమ్మా, చెయ్యి కాదు."

మాలిక్ అన్న చెంప రుద్దుకుంటూ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. కుట్లు విప్పి నెల కాలేదు, ఆ చేత్తో రోకలి! కానీ ఆ చేతివైపు యంత్రం పెట్టింది నేను. అది ఆమె పనిచేసే చెయ్యి. దాన్ని కట్టేసి కూర్చోమన్నాను.

వరండాలోకి వెళ్ళి, నాతోపాటు వచ్చిన శ్యామ్ సుందర్ గారికి చెప్పాను. నన్ను తిడతారనుకున్నాను. "ఆ ప్రశ్న నేను కనిపెట్టా," అన్నారాయన. "పుస్తకాల వాళ్ళకి మన మనుషులు తెలీరని, నాకు తెలుసని. ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నా, ఇరవై ఏళ్ళుగా నేర్పుతున్నా. మా అన్న ఎడమచేతి వాటం. కుడిచేత్తో తింటాడు. నాకు ఒక్కసారీ తట్టలేదు చూడు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పద. ఎడమవైపుది తీసేసి కుడివైపు పెట్టు. నువ్వే పెట్టు."

లోపలికి వెళ్ళాక ఏం జరిగిందో నువ్వు అద్దంలోంచి చూశావు. నువ్వు చూడనిది ఒకటే. కుడివైపు నుంచి గుండెలోకి దారి వేరు. వంపు ఎక్కువ. తీగ రెండుసార్లు వెనక్కి వచ్చింది. మీ అత్త గుడ్డ కింద నుంచి, "తొందరేం లేదు పిల్లా, నేను ఎక్కడికీ పోను," అంది. మూడోసారి ఆనింది. ఆనినప్పుడు వేళ్ళకు తెలుస్తుంది నసీమా. తీగ అవతలి కొసన బతికి ఉన్నదేదో నన్ను తిరిగి నెట్టినట్టుంటుంది. ఎంత చదివినా ఎవరూ చెప్పలేని సంగతి అది.

నిన్న తరగతిలో శ్యామ్ సుందర్ గారు జరిగిందంతా చెప్పి, కొత్త ప్రశ్న బోర్డు మీద రాశారు. "కుక్క వెంటబడితే రాయి ఏ చేత్తో విసురుతావు?" మదురై డాక్టరు నవ్వాడు. తర్వాత ఇంటికి ఫోను చేసి వాళ్ళమ్మను అడిగాడట. ఆవిడ కుడిచేత్తో తింటుంది, ఎడమచేత్తో విసురుతుంది.

శాంతి


పర్చూరు
9 సెప్టెంబరు 2000

శాంతీ,

మొన్న గుంటూరులో అత్తకు పరీక్ష అయ్యాక నువ్వు నాతో మాట్లాడబోయావు, నేను బస్సు వేళయిందని వచ్చేశాను. బస్సు కోసం కాదు. పరీక్ష గదిలో నేను చూసింది ఉత్తరంలోనే చెప్పగలను.

ఆ గదిలో కొత్త డాక్టర్లు ఉన్నారు. నరసరావుపేట ఆయన, ఒంగోలు నుంచి వచ్చిన హీనా డాక్టరు. నువ్వు వాళ్ళకి నేర్పుతున్నావు. చిన్న పెట్టె లాంటిది అత్త భుజం మీద ఆనించి, లోపలి యంత్రంతో ఎలా మాట్లాడాలో చూపిస్తున్నావు. బయటినుంచే, చర్మం కోయకుండా! దాన్ని కాసేపు నెమ్మది చేసి, కింద అత్త సొంత గుండె ఏమాత్రం కొట్టుకుంటోందో చూడాలన్నావు. మెల్లగా తగ్గించావు. ఇంకా తగ్గించావు. తెర మీద గీతల మధ్య దూరం పెరిగింది. తర్వాత గీత సాపుగా పోతూ ఉంది. దాని వెనక ఏమీ రాలేదు. నీ వేలు మీట మీదే ఉంది.

"ఏందే, కరెంటు పోయిందా?" అంది అత్త, ఎక్కడో దూరం నుంచి.

నువ్వు మీట నొక్కావు. గీతలు బారులు తీరి వచ్చాయి. అత్త రెప్పలార్చి, "ఆఁ, వచ్చింది," అంది. వాళ్ళిద్దరితో నువ్వు నెమ్మదిగా, "ఈమెకు సొంతది ఇక లేదు. గుర్తుపెట్టుకోండి," అన్నావు.

ఇన్ని నెలలుగా నేను యంత్రం అత్తకు సాయం చేస్తోందనుకున్నాను. చేతికర్రలాగా. కాదట. మొత్తం అదేనట. పొద్దున లేచి నాతో పోట్లాడేదీ, కూరలో ఉప్పు తక్కువైందనేదీ, మనవరాలు నాజియా జడ గట్టిగా లాగి అల్లేదీ, అన్నీ ఆ రేకు బిళ్ళ ఒక్కొక్క దెబ్బగా ఇస్తుంటే జరుగుతున్నవేనట. బస్సులో అత్త నా పక్కనే కూర్చుని చిలకలూరిపేట దాకా నిద్రపోయింది. నేను ఆమె మణికట్టు వదల్లేదు.

ఇంటికొచ్చాక సాయంత్రం నమాజుకు నిలబడింది. ఇప్పుడు రెండు చేతులూ చెవులదాకా హాయిగా ఎత్తుతోంది. సజ్దాలోకి వంగి నుదురు నేలకు ఆనించింది. లేవలేదు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. ఇంకా లేవలేదు. ఆ సాపుగీత కళ్ళ ముందుకొచ్చింది. నమాజులో ఉన్న మనిషిని ముట్టుకోకూడదని తెలిసీ రెండడుగులు ముందుకేశాను.

అప్పుడు లేచింది. సలాంతో నమాజు ముగించి, నన్ను చూసి, "పోయాననుకున్నావా?" అంది.

"అంతసేపు ఏం చేస్తున్నావత్తా?"

"ఈ యంత్రం చేసినోళ్ళ కోసం దువా చేశా. శాంతికీ, వాళ్ళ సారుకీ ఎప్పుడూ చేస్తా, వాళ్ళ పేర్లు తెలుసు. మొదట దీన్ని తలపోసినోళ్ళు, ఆ తీగ తీసినోళ్ళు, ఏ దేశమో, ఉన్నారో పోయారో. పేర్లు తెలియనోళ్ళకి చెయ్యాలంటే టైం పడుతుందే."

శాంతీ, నీ పుస్తకాల్లో ఎక్కడైనా వాళ్ళ పేర్లుంటే రాసి పంపు. అత్త రోజూ అడుగుతోంది.

నసీమా